కచ్చులూరు దగ్గర జారిన ఫోను

గండి పోచమ్మ గుడి రేవు వెనకబడి చాలాసేపైంది. బోటు పై డెక్కు మీద పాటలు హోరెత్తుతున్నాయి. మైకు పట్టుకున్న గైడు, ఈ పాపికొండల అడవిని 2008లో నేషనల్ పార్కుగా ప్రకటించారనీ, వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటి ఉంటుందనీ చెబుతున్నాడు. వినేవాళ్లెవరు? అందరి చేతులూ రెయిలింగ్ దాటి బయటే ఉన్నాయి, ఫోన్లతో.

రాజమండ్రిలో అంత విశాలంగా కనబడే గోదారి ఇక్కడ కొండల మధ్య ఇరుక్కుని, చప్పుడు లేకుండా నల్లగా కదులుతోంది. మలుపు తిరగ్గానే గాలి ఒక్కసారి విసురుగా కొడుతుంది. ముందు వరసలో నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసుకున్న కుర్రాడు భార్యను దగ్గరికి లాక్కుని సెల్ఫీకి చెయ్యి చాస్తాడు. ఫోను వేళ్ల సందులోంచి జారుతుంది. కింది కమ్మీకి టంగున తగిలి, బోటు అంచు మీద ఒక పల్టీ కొట్టి, బుడుంగున మునుగుతుంది. నీటి మీద చిన్న సున్నా. బోటు రేపిన అల దాన్నీ చెరిపేస్తుంది.

"రింగ్ ఇవ్వండి, రింగ్ ఇవ్వండి!" అని వెనక నుంచి ఓ పెద్దాయన. ఇద్దరు నిజంగానే ఫోన్లు తీస్తారు. ఈ కొండల్లో సిగ్నలెక్కడిది!

కుర్రాడు సరంగు దగ్గరికి పరిగెత్తుతాడు. "అన్నా, ఒక్క నిమిషం ఆపన్నా, ఎవరైనా దిగితే..."

సరంగు చుక్కాని వదలడు. "ఇది కచ్చులూరు మందం, బాబూ. ఇక్కడ మునిగిన బోటు తియ్యడానికే నెల దాటింది. ఫోనేం దొరుకుద్ది?"

పక్కనున్నవాళ్లు పాట తగ్గించమంటారు. 2019 సెప్టెంబర్ 15న పర్యాటకుల బోటు మునిగి పదుల మంది చనిపోయింది ఇక్కడే. దాన్ని వెలికితీయడానికి దిగిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న గాని ఒడ్డుకు లాగలేకపోయింది. కుర్రాడు మరి మాట్లాడడు. వచ్చి భార్య పక్కన కూర్చుంటాడు.

పేరంటపల్లిలో బోటు ఆగుతుంది. గుడి దారిలో కొండరెడ్ల ఆడవాళ్లు వెదురు పువ్వులు అమ్ముతున్నారు. పేళ్లు ఎంత పల్చగా చెక్కారంటే, పట్టుకుంటే రేకులు వణుకుతున్నాయి. కుర్రాడి భార్య ఒక గుత్తి ఎంచుకుంటుంది. అతని చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్లి ఖాళీగా వస్తుంది.

"పర్సు తేలేదా, బాబూ?"

"ఫోన్‌పే ఉందిగా అనుకున్నానండీ."

సిగ్నల్ లేనిచోట ఫోనున్నా ఒరిగేదేమీ లేదు, అది వేరే సంగతి. డబ్బులు ఆ అమ్మాయే తన హ్యాండ్‌బ్యాగులోంచి తీసి ఇస్తుంది.

అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఊరు చేరగానే పాత సిమ్ ఆపించి, ఆధార్ చూపించి అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకోవాలి. అది పనిచెయ్యడం మొదలైనా 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. మోసగాళ్లను ఆపడానికి పెట్టిన కట్టడి అది. ఎస్సెమ్మెస్ లేకపోతే ఓటీపీ లేదు, ఓటీపీ లేకపోతే బ్యాంకు పని సాగదు. అందుకే పాపికొండలకు వెళ్లేటప్పుడు ఇల్లు చేరడానికి సరిపడా నోట్లు విడిగా పెట్టుకోండి.