ఇంకా 74 నిమిషాలు

2013 ఆగస్టు 19. శ్రీహరికోట. మధ్యాహ్నం మూడున్నర దాటింది. బయట ఉప్పుగాలి, ఒళ్లు జిడ్డోడే ఉక్క. రెండో లాంచ్‌ప్యాడ్ మీద 49 మీటర్ల జీఎస్ఎల్‌వీ-డీ5 రాకెట్ నిటారుగా నిలబడి ఉంది. ముందురోజు మొదలైన 29 గంటల కౌంట్‌డౌన్ చివరికొచ్చేసింది. 4:50కి ప్రయోగం. అందరి బెంగా క్రయోజెనిక్ ఇంజిన్ ఉన్న మూడో దశ మీదే.

కారింది మాత్రం రెండో దశ.

బెంగకు కారణముంది. 2010 ఏప్రిల్‌లో సొంత క్రయోజెనిక్ ఇంజిన్ మొరాయించి రాకెట్ సముద్రం పాలైంది. అదే ఏడు క్రిస్మస్ రోజున ఇంకో జీఎస్ఎల్‌వీ నిమిషం తిరక్కముందే అదుపు తప్పింది. మూడేళ్లు ఆ ఇంజిన్‌నే పట్టుకుని కూర్చున్నారు. ఎన్నోసార్లు ఎగిరిన, నమ్మకమైన ద్రవ ఇంధన దశ ఇప్పుడిలా చేస్తుందని ఎవరనుకున్నారు?

కారుతున్నది యూహెచ్-25. పీలిస్తే విషం. ఆక్సిడైజర్ తగిలితే నిప్పురవ్వ కూడా అక్కర్లేదు, భగ్గుమంటుంది. చుట్టూ ఉన్న నాలుగు స్ట్రాపాన్ బూస్టర్లలోనూ అదే ఇంధనం. మూడో వైఫల్యమా, వాయిదానా? గడియారంలో 74 నిమిషాలున్నాయి.

హోల్డ్.

కౌంట్‌డౌన్ ఆగింది. ఇస్రో ఛైర్మన్ రాధాకృష్ణన్ బయటికొచ్చి వాయిదా సంగతి చెప్పారు. ఇక అసలు పని మొదలైంది: నింపిన ఇంధనాన్ని జాగ్రత్తగా దించి, రాకెట్‌ను వచ్చిన దారినే అసెంబ్లీ భవనానికి వెనక్కి నడిపించి, పైనుంచి ఒక్కో భాగం విప్పుకుంటూ వచ్చి, కారిన ట్యాంకును బయటికి తీసి, ఎక్కడ చిట్లిందో వెతికారు.

తప్పు బిగింపులో లేదు. లోహంలోనే ఉంది.

అఫ్‌నార్ 7020 అనే అల్యూమినియం మిశ్రమం అది. లోపలి ఒత్తిడికి తుప్పు తోడైతే కాలం గడిచేకొద్దీ పగుళ్లిస్తుంది. అతుకేసి సరిపెట్టలేదు. లోహాన్నే మార్చారు. ఏఏ 2219తో చేసిన ట్యాంకుతో కొత్త రెండో దశ వచ్చింది.

2014 జనవరి 5. సాయంత్రం 4:18. రాకెట్ లేచింది. మొదటి దశ విడిపోయింది. రెండో దశ మండింది, చుక్క కారలేదు, తన పని ముగించుకుని రాలిపోయింది. ఇప్పుడు క్రయోజెనిక్ వంతు.

అంటుకుంది! 12 నిమిషాలు ఏకబిగిన మండింది. నేల వదిలిన 17 నిమిషాలకు 1,982 కిలోల జీశాట్-14 ఉపగ్రహం కక్ష్యలో ఉంది. ఆ ఆగస్టు మధ్యాహ్నం కారే ట్యాంకుతోనే ఎగరేసి ఉంటే, ఈ ఇంజిన్‌కు వంతే వచ్చేది కాదు.