చెంగుతో తుడుచుకున్న కన్నీళ్ళు

సినిమాలో చూపులేని పిల్లవాడు కనిపించగానే మనం చెంగుతో కళ్ళొత్తుకుంటాం కదూ? పాపం అనుకుంటూ ఇంటికొచ్చేస్తాం. వాళ్ళు కోరేది మాత్రం ఆ ‘పాపం’ కాదండీ.

1964లో సత్యేన్ బోస్ తీసిన ‘దోస్తీ’ గుర్తుందా? కాలు దెబ్బతిన్న రాము, చూపులేని మోహన్ స్నేహితులవుతారు. రాము మౌతార్గాన్ వాయిస్తాడు, మోహన్ పాడతాడు. మోహన్ పాడి తెచ్చిన డబ్బులతోనే రాము చదువు. ఈ కథనే 1977లో బాపుగారు తెలుగులో ‘స్నేహం’గా తీశారు. ఒకరికొకరు ఆసరాయే గాని, దారినపోయేవాళ్ళు వాళ్ళకిచ్చింది చిల్లరే!

1980 నాటి ‘స్పర్శ్’ తీసింది మనలాంటి స్త్రీ, సాయి పరాంజపే. అందులో చూపులేని ప్రిన్సిపాల్ అనిరుద్ధ్ తన పని తానే చేసుకుంటాడు. అడగని సాయం చేయబోతే చిరాకుపడతాడు. అతనికి కావలసింది స్నేహం, జాలి కాదు.

ఇక 1985లో మన ‘మయూరి’. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూర్ కాలు అమర్చుకుని మళ్ళీ గజ్జె కట్టింది. ఆ కథను సింగీతం శ్రీనివాసరావుగారు సినిమాగా తీస్తే, నాయిక కూడా ఆవిడే! అప్పుడు హాల్లో మోగినవి చప్పట్లు.

మరి మన వీధి మాటేమిటి? పాప పుట్టినరోజుకి చక్రాల కుర్చీలో తిరిగే పక్కింటి అబ్బాయిని పిలిచామా? “మెట్లెక్కలేడులే” అని మనమే తేల్చేశామా? ఈసారి పిలవండి. ఎలా వస్తావని వాళ్ళమ్మను కాదు, వాణ్ణే అడగండి.