నల్లరేగడిలో రెండు చక్రాలు

బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా శాసనాల కోసం సీమలో తిరిగే మిత్రుడొకరు ఈ మధ్య నన్నొక ప్రశ్న అడిగారు. తాడిపత్రి కేంద్రంగా చుట్టుపక్కల కోటలూ, గుళ్ళూ, గుహలూ చూసి రావాలంటే ఏ మోటారుసైకిలు కొనాలి, దానికి ఏమేమి బిగించుకోవాలి అని. ఒక్క ముక్కలో చెప్పవలసిన సమాధానమే. కానీ వెనక్కి తవ్వుకుంటూ పోతే దానికి ఇక్కడ రెండు వందల ఏళ్ళ చరిత్ర కనిపించింది. అందుకే ఈ టపా.

ఆయన అడిగిన తరహా బండిని ఇంగ్లీషువాళ్ళు డ్యూయల్ స్పోర్ట్ అంటారు. తారురోడ్డు మీదా నడవాలి, రోడ్డే లేనిచోటా నడవాలి. దీన్ని తెలుగులో "ఉభయచరం" అందామని నా ప్రతిపాదన. కప్ప గుర్తొస్తుందని అభ్యంతరం రావచ్చు. వానలే లేని అనంతపురానికి కప్ప పేరైనా దక్కనివ్వండి.

బండికన్నా ముందు నేల సంగతి. ప్రపంచంలోని భూగర్భ శాస్త్రజ్ఞులకు తాడిపత్రి పేరు తెలిసింది గుళ్ళ వల్ల కాదు, రాళ్ళ వల్ల. విలియం కింగ్ కడప, కర్నూలు శిలాశ్రేణుల మీద 1872లో ప్రచురించిన బృహద్గ్రంథం నాటినుంచీ ఈ ప్రాంతపు పొరలు పొరలుగా విడే పలకరాయి వారి పరిభాషలో చేరిపోయింది. "తాడిపత్రి షేల్" అనే మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. మన ఇళ్ళలో నేలకు పరిచే నల్లబండలు దీనికి చుట్టమైన సున్నపురాయి. గనుల నుంచి పాలిష్ యంత్రాల దాకా ఊరి చుట్టూ ఆ బండల వ్యాపారమే. విరిగిన పలకల అంచులు కత్తుల్లా ఉండి టైరు పక్కగోడను కోస్తాయి. ఊరికి పడమరగా పోతే ఎర్రనేల, గులకరాళ్ళు. ఊరి చుట్టూ, యాడికి వైపునా నల్లరేగడి. ఎండినప్పుడు నెర్రెలిచ్చి చక్రాన్ని పట్టుకుంటుంది, తడిసినప్పుడు పిండిముద్దలా అంటుకుంటుంది. పెన్నలో ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. ఇవి చాలవన్నట్టు ప్రతి బాట పక్కనా సర్కారు కంప. దాని ముల్లుకు చెప్పూ ఒకటే, టైరూ ఒకటే.

ఈ నేల మీద వెనకటివాళ్ళు ఎలా తిరిగారు? ప్రయాణ సన్నాహం అనగానే తెలుగువాళ్ళకు ముందుగా గుర్తుకు రావలసినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. కడప మీదుగా అహోబిలం, శ్రీశైలం వైపు సాగిన దారి గనుక తాడిపత్రిని పడమర పక్కనే వదిలి పోయారు. పల్లకీ, బోయీలు, డేరాలు, పరివారం కలిపి వందమంది దాకా కదిలారు. ఏ ఊళ్ళో ఏ సామాను దొరుకుతుందో, ఏ ఏరు ఎలా దాటాలో తన వెనక వచ్చేవాళ్ళకు పనికివచ్చేలా రాసిపెట్టారు. ఆ యాత్రాచరిత్రను భక్తికోసం చదివినవాళ్ళే ఎక్కువ. నా దృష్టిలో అది తెలుగులో మొట్టమొదటి ప్రయాణ సన్నాహ గ్రంథం కూడా. అయితే వందమందితో కదిలేవాడి సలహా ఒంటరిగా కదిలేవాడికి కొంతవరకే పనికివస్తుంది.

ఒంటరి ప్రయాణానికి దగ్గరివాడు థామస్ మన్రో. నిజాము 1800లో కుంఫిణీకి ధారాదత్తం చేసిన జిల్లాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. ఆ ఏడేళ్ళలో ఎక్కువకాలం గుడారాల్లోనే గడిపాడు. ఊరూరా తిరిగి పొలాలు కొలిపించి, రైతు ఎదుట కూర్చుని శిస్తు తేల్చవలసిన పని మరి. కచేరీలో కూర్చుంటే సాగేది కాదు. ఇంతా తిరిగినవాడు చివరికి తిరుగుతూనే పోయాడు. మద్రాసు గవర్నరుగా ఉండి, స్వదేశానికి వెళ్ళేముందు సీమవాళ్ళను చివరిసారి చూద్దామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. మొదట పూడ్చింది మనకు పొరుగునే ఉన్న గుత్తిలో. మద్రాసులో చాంట్రీ చెక్కిన ఆయన గుర్రపు విగ్రహం ప్రసిద్ధం. ఆ గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు! సీమ రాళ్ళలో ఏళ్ళతరబడి స్వారీచేసిన మనిషిని ఏ సరంజామా లేకుండా ఎక్కించి శాశ్వతంగా నిలబెట్టారు. బండికి అలంకారాలు ఎక్కువ బిగించే కుర్రవాళ్ళకు ఆ విగ్రహం చూపించాలనిపిస్తుంది నాకు.

దొరల గుర్రాల మాట అలా ఉంచితే, ఈ నేలకు అసలు వాహనం ఎద్దులబండి. బండివాడి సన్నాహం ఎంత పొదుపైనదో చూడండి. ఇరుసుకు కందెన, ఆ కందెన ఉంచుకునే వెదురుగొట్టం, చక్రం ఊడకుండా సీల, ఒక పలుపుతాడు, ఎద్దులకు ఇంత మేత, మనిషికి సద్దిమూట. విరిగితే దారిలోని ఏ ఊరి వడ్రంగి అయినా, కమ్మరి అయినా బాగుచేయగలగాలి. చేయలేనిది ఆ బండిలో ఏదీ ఉండదు. మోటారుసైకిలు కొనేటప్పుడు నేను పెట్టుకునే మొదటి ప్రశ్న ఇదే.

ఇక రోడ్ల సంగతి. 1876–78 నాటి మహాక్షామంలో బళ్ళారి జిల్లా (అనంతపురం అప్పటికి అందులో భాగమే, వేరు జిల్లా అయింది 1882లో) ఘోరంగా దెబ్బతిన్నది. కరువుపనులంటే ఎక్కువగా కంకర కొట్టడం, రోడ్లు వేయడం. 1877లో రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. అరకిలోకన్నా తక్కువ గింజలు తిని పొద్దంతా రాళ్ళు కొట్టిన మనుషులు వేసిన రోడ్లవి. మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలుమార్గం అప్పటికే, 1871కే పూర్తయింది. ఆ దారిలోనే తాడిపత్రి. రైలు వచ్చినా, రోడ్లు పడినా, స్టేషను నుంచి ఊరికీ, ఊరి నుంచి చేనుకూ మిగిలింది బండ్ల బాటే. నేడు "ఆఫ్‌రోడ్" అని మనం సరదాకు పోయేచోటు వాళ్ళకు రోజూ నడిచే దారి.

ఆ బాటలోకి మోటారు వచ్చిన వైనం ఆసక్తికరం. సైన్యం మన్ననతో దేశంలో స్థిరపడిన బుల్లెట్‌ను 1955 నుంచి మద్రాసులోనే కూర్చడం మొదలుపెట్టారు. మైసూరులో 1960లో ఐడియల్ జావా వెలిసింది. కిక్కు కొట్టే కడ్డీయే గేరు కడ్డీగా కూడా పనిచేసే ఆ బండి, తరువాత దాని వారసుడు యెజ్డీ, 1996లో కర్మాగారం మూతపడే దాకా వచ్చాయి. ఉత్తరాదిన ఎస్కార్ట్స్ వారు పోలెండు నమూనాతో చేసిన రాజ్‌దూత్ పాలవాళ్ళ బండిగా పేరుపడింది. మన సీమకు సొంతమని చెప్పుకోదగినది మాత్రం తిరుపతిలో ఫ్రెంచి మోటోబెకాన్ వారి సహకారంతో తయారైన సువేగ మోపెడ్. దాన్ని మరిచిపోవడం మనకు న్యాయం కాదు. తరువాత 1972లో లూనా, 1980లో హోసూరు నుంచి టి.వి.ఎస్. 50. 1985లో హీరో హోండా సి.డి. 100, యమహా ఆర్.ఎక్స్. 100 రెండూ ఒకే ఏడు వచ్చాయి.

ఇక్కడ నా అభిప్రాయం కుండబద్దలు కొట్టినట్టు చెబుతాను. ఈ పీఠభూమికి నిజమైన ఉభయచరం టి.వి.ఎస్. మోపెడే. 2015లో వచ్చిన ఎక్స్.ఎల్. 100 కూడా తొంభై కిలోల లోపే. ముందు కాళ్ళ దగ్గర మూట, వెనక మూట, మీద మనిషి, ఆ మనిషి వెనక ఇంకో మనిషి. ఇసుకలో ఇరుక్కుంటే దిగి నెట్టుకుపోతారు. గట్టు అడ్డమొస్తే ఇద్దరు ఎత్తి అవతల పెడతారు. పత్రికల్లో దాన్ని ఎవరూ సాహసవాహనమని పొగడలేదు. పొగడ్త అవసరం దానికీ లేదు.

విదేశాల్లో కథ వేరు. వాళ్ళకు రోడ్లు ముందు వచ్చాయి, రోడ్డు దిగాలన్న కోరిక తరువాత పుట్టింది. యమహా 1968లో తెచ్చిన డి.టి.–1 ఆ కోరికను సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. 1978 డిసెంబరు చివర పారిస్ నుంచి డాకర్‌కు తొలి పందెం బయలుదేరింది. 1980లో బి.ఎం.డబ్ల్యు. ఆర్80 జి.ఎస్. తెచ్చి, మరుసటేడే ఆ పందెం గెలిచింది. దూరప్రయాణానికి పెద్ద బండే కావాలన్న నమ్మకం అక్కడినుంచి బలపడింది. అయితే ఆ బండి పుట్టకముందే టెడ్ సైమన్ అనే విలేకరి 1973లో బయలుదేరి నాలుగేళ్ళపాటు, మన దేశంతో సహా, ప్రపంచమంతా చుట్టాడు. ఎక్కింది 500 సి.సి. ట్రయంఫ్, మామూలు రోడ్డు బండి. మనవాళ్ళలో సి.ఎస్. సంతోష్ 2015లో డాకర్ పందెం పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు.

మన దేశంలో ఈ తరహా బండిని అందరికీ అమ్మజూసిన తొలి ప్రయత్నం 2011 నాటి హీరో ఇంపల్స్. 150 సి.సి., 130 కిలోల పైచిలుకు బరువు. కొన్నాళ్ళకు అమ్మకాలు లేక ఆపేశారు. కాలం కన్నా ముందు వచ్చిందని అందరూ అంటారు. నేననుకోవడం, కొనగలిగినవాడికి ఆ అవసరం లేదు, అవసరమున్నవాడి దగ్గర అప్పటికే మోపెడ్ ఉంది. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వచ్చింది. 411 సి.సి., ముందు 21 అంగుళాల చక్రం, 15 లీటర్ల ట్యాంకు, పెట్రోలుతో 190 కిలోలకు పైబడిన బరువు. 2023లో దాని స్థానంలో 452 సి.సి. ఇంజనుతో కొత్తది వచ్చింది. బలం 40 హెచ్.పి. దాకా పెరిగింది, బరువు తగ్గలేదు. 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200కు 154 కిలోలు, 13 లీటర్ల ట్యాంకు, నేలకూ అడుగుభాగానికీ మధ్య 220 మి.మీ. ఎడం.

మా మిత్రుడు హిమాలయన్ వైపు మొగ్గారు. బెంగుళూరు నుంచి తాడిపత్రి దాకా హాయిగా వస్తుంది, అందులో సందేహం లేదు. నా వాదన ఆ తరువాతి ముప్ఫై కిలోమీటర్ల గురించి. యాడికి దాటి బాట దిగాక, చుట్టూ మనిషి లేనిచోట, మిట్టమధ్యాహ్నం బండి పక్కకు పడుతుంది. పడక తప్పదు. 154 కిలోలను నేనొక్కణ్ణి లేపగలను. సామానుతో కలిపి 220 దాటినదాన్ని, ఈ వయసులో, నలభై డిగ్రీల ఎండలో, లేపలేను. వీరాస్వామయ్యగారికి బోయీలున్నారు, నాకు లేరు. అందుకని వాడిన ఎక్స్‌పల్స్ ఒకటి కొన్నాను. దానికి విడిభాగాలు అనంతపురంలో దొరుకుతాయి, తాడిపత్రి మెకానిక్కులకు దాని ఇంజను కొత్త కాదు.

బిగించినవి కొద్దే. ఇంజను కింద గట్టి లోహపు పలక, ఎందుకంటే బండరాతి ముక్కలు ఎగిరి అడుగున కొడతాయి. చేతిపిడులకు కంపకొమ్మలు ఆపే కాపు. టైర్లు సగం మట్టికి, సగం రోడ్డుకు పనికివచ్చే రకం. ముందు మడ్‌గార్డు ఎత్తుగా ఉండడం ఈ బండ్ల సోకని చాలామంది అనుకుంటారు. తడిసిన రేగడిలో ఒక్కసారి నడిపితే అర్థమవుతుంది. చక్రానికి ఆనుకుని ఉన్న మడ్‌గార్డులో మట్టి కూరుకుపోయి చక్రం తిరగడమే మానేస్తుంది. మా ఊళ్ళ రైతులు వానాకాలంలో మామూలు బండ్లకు దాన్ని ఊడదీసి ఇంట్లో పెట్టేది అందుకే.

ఇనుపపెట్టెలు వద్దన్నాను, గుడ్డసంచులే. పడినప్పుడు పెట్టె వంగిపోతుంది, పక్కన కాలుంటే కాలూ పోతుంది. రెండు ట్యూబులు, పంపు, ప్యాచీలు, టైరు లీవర్లు. గొలుసుకు చిన్న సీసాలో నూనె, అదే నా కందెన గొట్టం. నీళ్ళు అయిదు లీటర్లు, బరువు కిందికి ఉండేలా రెండు పక్కలా. పెట్రోలు డబ్బా అక్కర్లేదు. బేలం గుహలు తాడిపత్రికి సుమారు 30 కిలోమీటర్లు, గుత్తి 50. నిండు ట్యాంకుతో అన్నీ చూసి తిరిగి రావచ్చు.

ఒక్క విషయంలో మాత్రం మిత్రుడితో నాకు రాజీ కుదరలేదు. "రోడ్డు లేనిచోట ఎటైనా పోవచ్చు కదా" అన్నారాయన. ఎటైనా అన్నది ఇక్కడ లేదండీ. వేసవిలో బీడులా కనిపించేది రేపటి వేరుశనగ చేను. గట్టు మీద చక్రం ఎక్కిస్తే, పడే ఒక్క వాననూ ఆపవలసిన ఆ గట్టు అక్కడే తెగుతుంది. పెన్న ఇసుకలో చెలమలు తీసుకుని నీళ్ళు ముంచుకునే చోట బండి ఆడిస్తే, చెలమ పూడుతుంది, నీళ్ళలో నూనె చుక్కలు తేలుతాయి. కాబట్టి బండ్ల బాట వదలకూడదు, బాట లేకపోతే బండి ఆపి నడవాలి. గుళ్ళ సంగతీ అంతే. బుగ్గ రామలింగేశ్వరాలయపు అసంపూర్ణ గోపురం అయిదు వందల ఏళ్ళుగా పెన్న ఒడ్డున నిలిచి ఉంది. ఫోటోకోసం దాని పక్కదాకా బండి తోలనక్కర్లేదు.

ఎప్పుడు రమ్మంటారని ఆయన మళ్ళీ అడిగారు. రేగడిలో శనగ కోతలు అయిపోవాలి, కళ్ళాలు ఎత్తేయాలి, ఎండలు ముదరకూడదు. ఫిబ్రవరి ఆఖరు వారానికి రమ్మన్నాను. హిమాలయన్ మీదే వస్తున్నారట. ఒక పలుపుతాడు ఎక్కువ పెట్టుకుంటున్నాను.