ఒక్క రోజుకు ఒక్క దిక్కు

నీ నోట్‌బుక్ నా ముందు తెరిచి ఉంది. ఫిజిక్స్ లెక్కలు అయిపోయిన చోట కొత్త పేజీ తిప్పి, ఎర్ర పెన్నుతో ‘హైదరాబాద్’ అని రాసి కింద రెండు గీతలు కొట్టావు. చార్మినార్, గోల్కొండ, ఫిల్మ్ సిటీ, జూ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, కేబుల్ బ్రిడ్జి, శిల్పారామం, సాలార్జంగ్ మ్యూజియం. చిట్టచివర ‘విమానాలు’. పక్కనే చిన్న అక్షరాల్లో ‘మూడు రోజులు’.

పొద్దున ఆదిలాబాద్ బస్సు నిన్ను జేబీఎస్ బస్టాండులో దింపింది. మధ్యాహ్నం దాకా నిద్రపోయి లేచావు. ఇప్పుడు మారేడ్‌పల్లిలో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మామిడికాయ ముక్కకు ఉప్పూకారం అద్దుకుంటూ నేనేమంటానా అని చూస్తున్నావు.

“విమానాలెందుకు బిడ్డా?”

“లేస్తుంటే దగ్గర్నుంచి చూడాలె చిన్నమ్మా.”

కొట్టేయమనడానికి నాకు నోరు రాదు. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి ఊరు గీస్తాను. నడుమ హుస్సేన్‌సాగర్. దానికి దక్షిణంగా మూసీ, మూసీ అవతల పాతబస్తీ. పడమటి వైపు గోల్కొండ. దానికి ఉత్తరాన మాదాపూర్, కేబుల్ బ్రిడ్జి. ఆగ్నేయాన ఊరు దాటాక ఫిల్మ్ సిటీ. దక్షిణాన దూరంగా శంషాబాద్ విమానాశ్రయం. ఊరి చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు అని ఒక సున్నా చుడతాను. ఆ సున్నా పొడవు 158 కిలోమీటర్లు. మీ ఉట్నూరు నుంచి ఆదిలాబాద్ పోయి, వచ్చి, మళ్లీ పోయినంత.

నువ్వు ముక్క నమలడం ఆపేస్తావు. నీ జాబితాలో పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి కాబట్టి అవన్నీ పక్కపక్కనే ఉంటాయనుకున్నావు. కాగితం మీద అవి నాలుగు మూలలకూ పోయాయి.

“ఇప్పుడు వారాలు చూడు,” అంటాను. రేపు గురువారం. ఎల్లుండి శుక్రవారం సాలార్జంగ్ మ్యూజియానికి సెలవు, చౌమహల్లా ప్యాలెస్‌కూ సెలవు. మక్కా మసీదులో జుమ్మా నమాజు, ఆ వీధుల నిండా జనం. సోమవారం జూ మూసేస్తారు. నువ్వు పెన్ను పట్టుకుని కాసేపు లెక్క వేసుకుంటావు. “అయితే మూసీ అవతలికి రేపే పోవాలె. శుక్రవారం గోల్కొండ.” సరిగ్గా అంతే. ట్యాంక్‌బండ్, బిర్లా మందిర్ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి కాబట్టి శనివారం. ఫిల్మ్ సిటీ ఒక్కటే ఒక రోజంతా మింగేస్తుంది. ఏది తీసేద్దామో నువ్వే చెప్పమంటాను. పెన్ను విమానాల దగ్గర ఆగి, పైకి పోయి, ఫిల్మ్ సిటీని కొట్టేస్తుంది. విమానాలు అలాగే ఉంటాయి.

మన చుట్టాల పిల్లలు సెలవులకొస్తే ఏం జరుగుతుందో ఏళ్లుగా చూస్తున్నాను. కారు మాట్లాడతారు. పొద్దున్నే ఎక్కిస్తారు, చోటుచోటునా దింపుతారు, ఫొటో తీస్తారు, మళ్లీ ఎక్కిస్తారు. రాత్రికి పిల్లలు వెనక సీటులో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతారు. ఏ చోటు ఏ వైపుందో, అక్కడికి ఏ బస్సు పోతుందో వాళ్లకు తెలియదు. నువ్వు వచ్చే ఏడు డిగ్రీకో ఇంజనీరింగ్‌కో ఈ ఊరికే రావచ్చు. అప్పుడు నీ పక్కన ఎవరూ ఉండరు. ఈ ఊళ్లో ఒంటరిగా తిరగడం నీకు ఇప్పుడే, నేను పక్కనుండగానే రావాలి. అందుకే రేపు దారి నువ్వే చూపాలి, నేను నీ వెనక నడుస్తాను.

సంచిలో నీళ్ల సీసా, చున్నీ, ఆధార్ కార్డు. డబ్బు రెండు భాగాలు, సగం పర్సులో, సగం సంచి లోపలి జేబులో. ఫోను ఆగిపోయినా దిగులు పడకుండా నా నంబరు, నీ చిన్నాయన నంబరు కాగితం మీద రాసి పెడతావు. జనంలో విడిపోతే చార్మినార్‌కు పత్తర్‌గట్టీ వైపున్న గడియారం కింద కలవాలి. అన్నీ నువ్వే రాసుకున్నావు, నీ చేతిరాతతో.

గురువారం. జేబీఎస్ మెట్రో స్టేషన్. నేను మెట్ల దగ్గరే ఆగిపోతాను. నువ్వు కౌంటర్ ముందు వరుసలో నిలబడతావు. ముందున్నాయన ఏమంటున్నాడో చెవులు రిక్కించి విని, నీ వంతు రాగానే అదే గొంతుతో “ఎంజీబీఎస్, రెండు” అంటావు. గేటు దగ్గర టికెట్టు ఎటు తిప్పి పెట్టాలో తెలియక ఒక్క క్షణం తడుముకుంటావు. వెనకున్న ఆఫీసు అమ్మాయి వేలితో చూపిస్తుంది. గేటు తెరుచుకోగానే నీ భుజాలు తేలికపడతాయి.

2020లో మొదలైన గ్రీన్ లైన్ ఇది. పదకొండు కిలోమీటర్లే, కానీ కొత్తగా వచ్చినవాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు. గాంధీ ఆస్పత్రి, ముషీరాబాద్. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ రాగానే నువ్వు కిటికీకి అతుక్కుపోతావు. టీవీలో సినిమా రిలీజు రోజున చూపించే హాళ్లు, సంధ్య, సుదర్శన్, దేవి, ఇక్కడివే. తర్వాత చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్. మేడల మీద ఆరేసిన బట్టలు, నీళ్ల ట్యాంకులు, పావురాల గూళ్లు. ఊరి నెత్తిన పోతున్నావు. ఎంజీబీఎస్‌లో బండి ఖాళీ అవుతుంది. గ్రీన్ లైన్ ఇక్కడితో ఆఖరు. ఇక నడవాలి.

వంతెన మీద గాలి మారుతుంది. నువ్వు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంటావు.

“ఇదేనా మూసీ?”

ఇదే. కడెం వాగు చూసి పెరిగిన కంటికి ఇది నదిలా కనపడదు. నల్లటి నీళ్లు, తేలుతున్న సంచులు. నాకు ఈ వంతెన మీద ఎప్పుడు నిలబడినా గుండె బరువెక్కుతుంది, ఆ మాట నీకు దాచను. 1908 సెప్టెంబర్ 28న ఇదే మూసీ పొంగి వేల మందిని ముంచేసింది. అటు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన రెండు చెరువులు వెలిశాయి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఈ ఊళ్లో ఇప్పటికీ గండిపేట నీళ్లు అని చెప్పుకునేది ఆ ఉస్మాన్‌సాగర్ నీళ్లనే. నువ్వు ముక్కు మీది చున్నీ దించి నది వైపు మళ్లీ చూస్తావు.

సాలార్జంగ్ మ్యూజియంలో మొదట ఏది చూడాలన్నది గంటను బట్టి తేల్చుకోవాలి. పదకొండున్నరకు మనం గడియారం ముందు ఉన్నాం. అప్పటికే నేల మీద పిల్లలు, బెంచీల మీద పెద్దవాళ్లు. గడియారంలో ఒక మూల చిన్న కమ్మరి బొమ్మ క్షణానికొక దెబ్బ వేస్తూనే ఉంటాడు. నువ్వు మునివేళ్ల మీద లేచి, రెండు తలల సందులోంచి అతన్నే చూస్తున్నావు. సుత్తి లేస్తుంది, పడుతుంది, లేస్తుంది. పన్నెండుకు మూడు నిమిషాలుండగా పై అరలోంచి గడ్డం బొమ్మ బయటికి వస్తాడు. అందరూ ఫోన్లు ఎత్తుతారు. నువ్వు ఎత్తవు. మొదటి గంట పడగానే పిల్లలు లెక్క మొదలుపెడతారు, ఒకటి, దో, తీన్, నాలుగు, ఎవరి భాషలో వాళ్లు. మ్యూజియం తెరిచి ఉండే వేళల్లో ఎక్కువ గంటలు కొట్టేది ఇప్పుడే, అందుకే ఈ వేళకు తెచ్చాను. “పన్నెండు” అని నువ్వు కూడా గట్టిగానే అంటావు.

తర్వాత ముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ. 1876లో మొదటి సాలార్జంగ్ రోమ్‌లో కొన్నాడు. ముందు నుంచి చూస్తావు, పక్కకు జరిగి చూస్తావు, మళ్లీ ముందుకొస్తావు. “ముసుగు తీసి పక్కన పెట్టొచ్చు అన్నట్టుంది కదా, అదీ రాయేనా?” ముసుగూ రాయే, ముసుగులోంచి కనిపించే ముక్కూ రాయే. ఒకే రాయి. నువ్వు అక్కడే నిలబడిపోతావు. మనల్ని దాటుకుని రెండు కుటుంబాలు వచ్చి ఫొటోలు తీసుకుని పోతాయి.

మ్యూజియం మొత్తం చూడాలనే పట్టు నాకు లేదు. వీటిలో ఎక్కువ భాగం మూడో సాలార్జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా కొన్న వస్తువులు. ఒక పూటలో తెమిలేవి కావు. గదులు గబగబా దాటేస్తుంటే కళ్లు పనిచేయడం మానేస్తాయి. నీ నడక ఎప్పుడు మందగించిందో అప్పుడే బయటికి పోదామన్నాను. పై అంతస్తు సగం మిగిలిపోయింది. మిగలనీ.

మదీనా చౌరస్తా దగ్గర బిర్యానీ. నువ్వు మాట్లాడకుండా తిన్నావు, ఇంక దాని సంగతి చెప్పేదేముంది.

నయాపూల్ నుంచి వచ్చే రోడ్డు మీద నువ్వు ఆగుతావు. ఎటు పోవాలో నన్ను అడగబోయి, గుర్తొచ్చి, అత్తరు కొట్టు ముందు కూర్చున్న పెద్దాయన దగ్గరికి పోతావు. ఆదిలాబాద్ పిల్లవు, హిందీకి తడబడవు. “సీదా జావ్ బేటా, సామ్నేచ్ దిఖ్తా,” అంటాడాయన. పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద నీడలో నడుస్తాం. ముత్యాల దుకాణాలు, షేర్వానీలు, పెళ్లి బట్టలు. చార్‌కమాన్ కమాను దాటేసరికి ఎదురుగా చార్మినార్. నువ్వు పరుగెత్తవు, నడక మాత్రం మారుతుంది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడని నువ్వే చెబుతావు, పరీక్షలో రాసినట్టు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి. పైకి 149 మెట్లు. మెలికలు తిరిగే సన్నటి దారి, చీకటి, చేతికి చల్లగా తగిలే గోడ. ఎత్తయిన మెట్లు, దిగేవాళ్లు వస్తే గోడకు అతుక్కోవాలి. నేను మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగుతాను. “నువ్వు మెల్లగ రా,” అని పైనుంచి నీ గొంతు వినిపిస్తుంది.

పైన గాలి. నాలుగు దిక్కులకూ నాలుగు రోడ్లు. నిన్న క్యాలెండర్ వెనక గీసిన బొమ్మను నువ్వు సంచిలోంచి తీసి విప్పుతావు, అది తెచ్చావని నాకు తెలియదు. “మనం వచ్చింది ఇటు. ఇది ఉత్తరం. మూసీ అక్కడ. అయితే గోల్కొండ ఇటుండాలె,” అని పడమటికి వేలు చూపిస్తావు. నీ వేలు చూపిన రోడ్డు కింద లాడ్‌బజార్.

దిగి అక్కడికే పోతాం. ఒక కొట్టు ముందు బొగ్గుల కుంపటి. ముసలాయన లక్కను వేడిచేసి లోహపు కడియం చుట్టూ సాగదీస్తున్నాడు. అది ఆరకముందే పక్కన కూర్చున్న ఆమె పట్టుకారుతో ఒక్కో అద్దపు పూస తీసి అద్దుతోంది. చూపు ఎత్తదు, చేయి ఆగదు. ఈ లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చినందుకు నాకు సంతోషమే, ఆమె కూలి పెరిగితే ఇంకా సంతోషం. “దో-చార్ యా దో-ఛే?” అని కొట్టులో అబ్బాయి నీ మణికట్టు చూసి అడుగుతాడు. గాజు కొలత అది. 2-4 నీకు సరిపోతుంది. బేరం నువ్వే చేస్తావు. రెండు జతలు కొంటావు, ఒకటి నీకు, ఒకటి మా అక్కకు. నేను కల్పించుకోను.

నిమ్రా కేఫ్ ముందు నిలబడి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. బిస్కెట్ చాయ్‌లో విరిగి పడుతుంది, స్పూను కోసం చూడకుండా తాగేస్తావు.

బస్సులో కండక్టర్ నీ ఆధార్ చూసి మెషిన్‌లోంచి జీరో టికెట్ తీసి ఇస్తుంది. తెలంగాణ ఆడపిల్లకు సిటీ ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో చార్జీ లేదు, 2023 డిసెంబర్ నుంచి. నువ్వు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆమె ముందుకు పోకముందే అడుగుతావు.

“అక్కా, రేపు సికింద్రాబాద్ నుంచి గోల్కొండకు ఎట్ల పోవాలె?”

“49ఎం ఎక్కి మెహిదీపట్నంల దిగు. గోల్కొండ బస్సులు అక్కడ దొరుకుతయి. ఎండ ముదరకముందే పోండ్రి.”

నోట్‌బుక్ తీసి, బస్సు కుదుపులకు అక్షరాలు వంకర పోతున్నా, అంతా రాసుకుంటావు. గోల్కొండ ప్రవేశ ద్వారం కప్పు కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ మీద బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని నేను చెబుతాను. శత్రువు వచ్చాడని పైవాళ్లకు కబురు అలా అందేదట. పైకి దాదాపు 360 మెట్లు. ఒకరు కింద ఉండాలి, ఒకరు పైకి పోవాలి.

నువ్వు పెన్ను మూత పెట్టి, ఆలోచించుకోవడానికి కూడా ఆగవు.

“నువ్వు కింద కొట్టు చిన్నమ్మా. పైకి నేనొక్కదాన్నే పోత.”