గుంతకల్లు రైలు గీతలు

దూరం–కాలం గ్రాఫు పాఠ్యపుస్తకం దాటి రోజువారీ పనిముట్టుగా మారిన చోటు అనంతపురం జిల్లాలోనే ఉంది. అది గుంతకల్లు రైల్వే కంట్రోలు ఆఫీసు.

మద్రాసు రైల్వే లైను తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా సాగి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు లైనును కలిసింది. 1876–78 ధాత కరువులో ఈ ప్రాంతానికి ధాన్యం ఈ పట్టాల మీదే వచ్చింది. అయినా ఆకలిచావులు ఆగలేదు. 1880 నాటి కరువు కమిషన్ మరిన్ని లైన్లు వేయాలని సూచించింది. తర్వాత సదరన్ మరాఠా కంపెనీ మీటరుగేజి లైన్లు వచ్చి చేరడంతో గుంతకల్లు పెద్ద జంక్షన్ అయింది. 1956లో డివిజన్ కేంద్రమైంది, 1977లో దక్షిణ మధ్య రైల్వేలోకి మారింది.

ఇన్ని లైన్ల మీద బండ్లను నడిపించడం కంట్రోలు ఆఫీసు పని. రెండు వైపుల బండ్లకూ ఒకే పట్టా ఉన్న సింగిల్ లైను మీద ఎదురెదురు బండ్లు స్టేషన్‌లోనే క్రాసింగ్ కావాలి. ఏ బండిని ఏ స్టేషన్‌లో ఆపాలో ముందే తెలియాలంటే అన్ని బండ్ల కదలికా ఒకే కాగితం మీద కనబడాలి. ఫ్రాన్స్‌లో ఇబ్రి అనే ఇంజనీరు రూపొందించిన పారిస్–లియాన్ రైళ్ల గ్రాఫును శరీరశాస్త్రవేత్త మారే 19వ శతాబ్దంలో తన గ్రంథంలో అచ్చువేశాడు. కంట్రోలు చార్టుదీ ఆ పద్ధతే. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువుగా వరసగా స్టేషన్లు, ఒక్కోదానికి ఒక అడ్డగీత. స్టేషన్ మాస్టర్లు ఫోన్‌లో చెప్పే వేళలను బట్టి సెక్షన్ కంట్రోలర్ రంగు పెన్సిళ్లతో ఒక్కో బండికి ఒక్కో గీత గీసేవాడు.

దూరం–కాలం గ్రాఫులో విద్యార్థులు తడబడేదల్లా ఈ చార్టులో తేటపడుతుంది. గీత పైకి లేచిందంటే బండి గుట్ట ఎక్కిందని కాదు, చార్టులో పైన రాసిన స్టేషన్ వైపు వెళ్తోందని. కిందికి దిగిందంటే వడి తగ్గిందనీ కాదు, బండి ఎదురు దిశలో వస్తోందని. వడిని చెప్పేది గీత ఎంత నిటారుగా ఉందన్నదే. గంటకు 60 కి.మీ. పోయే ఎక్స్‌ప్రెస్ గీత, 30 కి.మీ. పోయే గూడ్సు గీతకంటే రెండింతల వాలుతో ఉంటుంది. అడ్డంగా సాగిన గీత బండి ఆగి ఉందని చెబుతుంది. రెండు గీతలు ఖండించుకుంటే ఆ వేళకు రెండు బండ్లూ ఒకే చోట ఉన్నట్టు. సింగిల్ లైను మీద ఆ బిందువు స్టేషన్ గీత మీదే పడాలి; మధ్యలో పడితే ప్రమాదం. అందుకే కంట్రోలర్ ముందుచూపుతో ఒక బండిని స్టేషన్‌లోని పక్క పట్టా అయిన లూప్ లైనులో నిలిపి, దాని గీతను అడ్డంగా సాగదీసేవాడు.

ఇప్పుడు ఆ గీతలను కంప్యూటర్ గీస్తోంది. ఏ బండిని ఎక్కడ ఆపాలో వాటిని చదివి తేల్చేది మాత్రం ఇప్పటికీ కంట్రోలరే.