దూరదర్శనహాస్యము – జహీరాబాదు నుడి

తెలంగాణమున సంగారెడ్డిజిల్లాకు పడమటికొసను, కర్ణాటకసీమ చెంత నున్న పట్టణము జహీరాబాదు. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వ మీ తాలూకా హైదరాబాదురాష్ట్రమున బీదరుజిల్లాలో జేరియుండెను. రాష్ట్రముల పునర్విభజనమున బీదరు మైసూరురాష్ట్రమునకును, జహీరాబాదు మెదకుజిల్లాకును జెందెను. తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ కలసి వినవచ్చు నిట్టి చోటికి దూరదర్శనహాస్య మే తెలుగును గొనివచ్చెనో విచారించుట భాషాచరిత్రకు ప్రయోజనకరము.

భరతముని హాస్యమును ఆత్మస్థము, పరస్థము అని రెండుగా విభజించెను. తాను నవ్వుట మొదటిది; పరుల నవ్వించుట రెండవది. సంస్కృతనాటకములందు రాజు సంస్కృతమును బలుకును. విదూషకుడు బ్రాహ్మణుడయ్యును ప్రాకృతమునే పలుకును. మృచ్ఛకటికమున శకారుని పలుకుబడికి శకారి యని ప్రత్యేకనామమే కలదు. గౌరవమున కొక భాష, నవ్వున కొక భాష యను విభాగము రంగస్థలమున మిక్కిలి ప్రాచీనము.

1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము ఉపగ్రహసాహాయ్యమున ఆంధ్రప్రదేశము మున్నగు నాఱు రాష్ట్రములందలి 2400 గ్రామములకు జరిగిన ప్రసారములందు విద్య, వ్యవసాయము, ఆరోగ్యము ప్రధానవిషయములు. పిదప హైదరాబాదు కేంద్రప్రసారములలో ధర్మవరపు సుబ్రహ్మణ్యముగారి 'ఆనందో బ్రహ్మ' జనప్రీతి నందెను. 1995లో జెమిని, ఈటీవీ ప్రసారము లారంభమయ్యెను. గుణ్ణం గంగరాజుగారి 'అమృతం' జెమినియందు 2001 నవంబరు 18 నుండి 2007 నవంబరు 18 వఱకు 313 భాగములుగా వెలువడెను. శ్రమపడక ధనికులు కాదలచిన అమృతరావు, ఆంజనేయులు అను మిత్రుల యుపాయములు వికటించుటయే యిందలి కథ. భరతుడు హాస్యహేతువులలో బేర్కొనిన లౌల్యమే దీనికి మూలము. నవ్వు పాత్రస్వభావమునుండి పుట్టినదే కాని యొకరి యాసనుండి కాదు. అది యెల్లవారికిని ప్రియమగుటకు గారణ మిదియే కావచ్చును.

అయినను నాటి ప్రసారములందు శిష్టభాషగా జెల్లినది ప్రధానముగా కోస్తావ్యవహారము. చలనచిత్రములందు తెలంగాణపు యాస తఱచుగా ప్రతినాయకులకును, సేవకులకును, హాస్యపాత్రలకును లభించెను. జహీరాబాదు బాలుడు పరసీమనుడిలో నవ్వ నేర్చెను. తన యింటి నుడి నవ్వులపాలగుటను జూచెను. కోస్తాలో 'వచ్చాను' అనునది తెలంగాణమున 'వచ్చిన' అగును. రెండును ఒకే ధాతువునుండి భూతార్థమున బుట్టిన రూపములు. అందొకటి శిష్టము, వేఱొకటి హాస్యాస్పదము అగుటకు వ్యాకరణమున హేతు వేమియు లేదు. హేతువు అధికారమున నున్నది.

2014 జూన్ 2న తెలంగాణరాష్ట్ర మేర్పడిన కాలమునకు ఈ స్థితి మాఱసాగెను. వీ6 వారి 'తీన్మార్ వార్తలు' లోకవృత్తాంతమును, పరిహాసమును తెలంగాణపు నుడిలోనే చెప్పెను. బిత్తిరి సత్తి యందే ప్రసిద్ధుడయ్యెను. జగిత్యాలజిల్లా లంబాడిపల్లియందు పుట్టిన 'మై విలేజ్ షో' అంతర్జాలమున గంగవ్వను ఇంటింటికి బరిచితురాలిని జేసెను. యాస నవ్వబడు వస్తువు గాక, నవ్వు వాని వాక్కయ్యెను.

కాని తెలంగాణపు నుడియు నేకరూపము కాదు. జగిత్యాల పలుకు వేఱు, కన్నడ ముర్దూలతో గలసిన జహీరాబాదు పలుకు వేఱు. రేపు జగిత్యాల పలుకే ప్రమాణమై, సరిహద్దు పలుకు మరల బరిహాసాస్పదమైనచో, పాతవిభాగమే నూతనవేషమున వచ్చినట్లగును. ఎవరి భాషలో నవ్వుచున్నారని మాత్రమే కాక, ఎవరి భాషను జూచి నవ్వుచున్నారనియు హాస్యచరిత్ర వ్రాయువారు విచారింపవలయును.