సభామర్యాద – సమాధానావకాశం: 1935 నాటి చంద్రశేఖర్–ఎడింగ్టన్ వివాదంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

1935 జనవరి 11న లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ సమర్పించిన పరిశోధనను సర్ ఆర్థర్ ఎడింగ్టన్ తోసిపుచ్చిన ఘట్టం విజ్ఞానశాస్త్ర చరిత్రలో ప్రసిద్ధమైనది. దానిని ఇద్దరు వ్యక్తుల మధ్య ఘర్షణగా కాక, సభానిర్వహణకు సంబంధించిన సమస్యగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చంద్రశేఖర్, ఎడింగ్టన్, శ్వేతకుబ్జ తారలు, సభామర్యాద, సభాధ్యక్షత.

ఉపోద్ఘాతం

విద్వత్సభలో మర్యాద అనగానే మొదట మాటతీరు స్ఫురిస్తుంది. పరుషంగా మాట్లాడకపోవడం, వ్యక్తిగత దూషణకు దిగకపోవడం వంటివి అందరూ అంగీకరించే నియమాలే. భారతీయ శాస్త్రసంప్రదాయం ఇంతకన్నా లోతుగా ఆలోచించింది. న్యాయశాస్త్రం తత్త్వనిర్ణయం కోసం చేసే వాదాన్ని, గెలుపు కోసం చేసే జల్పాన్ని, స్వపక్షస్థాపన లేని వితండను వేరుచేసింది. చరకసంహిత విమానస్థానం వైద్యుల మధ్య జరిగే చర్చను సంధాయ సంభాష, విగృహ్య సంభాష అని రెండు విధాలుగా విభజించింది. మొదటిది స్నేహభావంతో సాగేది, రెండవది పోటీభావంతో సాగేది. పరుషపదం ఒక్కటీ దొర్లకుండానే మొదటిది రెండవదిగా మారిపోగలదు. 1935 నాటి లండన్ సభ ఇందుకు ఉదాహరణ.

సభకు పూర్వం

చంద్రశేఖర్ 1910 అక్టోబరు 19న లాహోరులో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించి, 1930లో ఉన్నతవిద్య కోసం ఇంగ్లండుకు ఓడలో వెళ్తూ, శ్వేతకుబ్జ తారల ద్రవ్యరాశికి ఒక గరిష్ఠ పరిమితి ఉండాలని గణించారు. ఇంధనం తీరిపోయిన తార కుంచించుకుపోకుండా ఎలక్ట్రాన్ల పీడనం నిలబెడుతుంది. కానీ ద్రవ్యరాశి పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ల వేగం కాంతివేగాన్ని సమీపిస్తుంది. అప్పుడు సాపేక్షతా సిద్ధాంతాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఒక హద్దు దాటాక ఆ పీడనం గురుత్వాకర్షణను ఆపజాలదు. నేడు ఆ హద్దును సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లుగా చెబుతారు. లీడ్స్‌లో ఇ. సి. స్టోనర్, సోవియట్ శాస్త్రవేత్త లెవ్ లాండౌ కూడా ఆ కాలంలోనే ఇటువంటి నిర్ణయానికి స్వతంత్రంగా చేరుకున్నారన్న విషయాన్ని ప్రచారంలో ఉన్న కథనాలు తరచుగా విస్మరిస్తాయి.

1933లో చంద్రశేఖర్ కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల ఫెలోగా ఎన్నికయ్యారు. ఎడింగ్టన్ కూడా ఆ కళాశాలవారే. 1919 సూర్యగ్రహణ పరిశీలనతో జగద్విఖ్యాతుడైన ఆయన 1921–23లో ఈ సొసైటీకి అధ్యక్షుడిగా కూడా ఉన్నారు. 1934లో చంద్రశేఖర్ గణనలు సాగుతున్న నెలలలో ఆయన తరచుగా వచ్చి ఫలితాలను అడిగి తెలుసుకునేవారు. యువపరిశోధకుడు దీనిని ప్రోత్సాహంగానే భావించారు.

కామేశ్వర్ సి. వాలి రచించిన జీవితచరిత్రలో చంద్రశేఖర్ జ్ఞాపకాలు విపులంగా నమోదయ్యాయి. వాటి ప్రకారం, అదే సభలో అదే అంశంపై ఎడింగ్టన్ కూడా పత్రం చదవబోతున్నారన్న సంగతి కార్యక్రమ పత్రం చేతికందిన తరువాతే ఆయనకు తెలిసింది. ఆ సాయంకాలం భోజనశాలలో కలిసినప్పుడు ఎడింగ్టన్ తన పత్రం గురించి ఏమీ చెప్పలేదు. చంద్రశేఖర్‌కు మామూలుగా ఇచ్చే పావుగంటకు బదులు అరగంట ఇవ్వమని తానే కార్యదర్శికి చెప్పానని మాత్రం తెలిపారు. సభకు ముందు తేనీటి వేళ మరొక శాస్త్రవేత్త ఆ పత్రం సంగతేమిటని అడిగితే, ఎడింగ్టన్ చంద్రశేఖర్ వైపు తిరిగి, అది నీకొక ఆశ్చర్యం అన్న భావంతో నవ్వి ఊరుకున్నారు. అదనపు సమయం ఇప్పించడం ఔదార్యమే. కానీ విమర్శలోని సారాన్ని దాచి ఉంచి వేదికను మాత్రం విశాలం చేయడాన్ని ఔదార్యం అనవచ్చునా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

సభాఘట్టం

చంద్రశేఖర్ తరువాత లేచిన ఎడింగ్టన్ ఆ సిద్ధాంతానికి ఆధారమైన సూత్రమే చెల్లదని ప్రకటించారు. ఆ సూత్రాన్ని అంగీకరిస్తే భారీ తార కుంచించుకుపోతూ చివరకు కొన్ని కిలోమీటర్ల వ్యాసార్ధానికి చేరి, తన కాంతిని కూడా బయటికి పోనివ్వని స్థితిలో పడుతుందని ఆయనే స్పష్టంగా వివరించారు. నేడు కృష్ణబిలం అని పిలిచే భావన ఇదే. తర్కాన్ని చివరిదాకా నడిపించిన ఆ మేధావి, అక్కడికి చేరాక ఆ పర్యవసానం అసంబద్ధమని, తార అలా ప్రవర్తించకుండా ప్రకృతిలో ఏదో నియమం ఉండే తీరాలని అన్నారు. ఆయన వాక్చాతుర్యానికి సభ నవ్వింది. ఆ నవ్వులో దూషణ లేదు. 24 ఏళ్ల పత్రసమర్పకుడిని పరిహాసపాత్రుడిగా నిలబెట్టడానికి మాత్రం అది చాలింది.

వ్యాసదృష్టిలో కీలకమైనది ఆ తరువాతి క్షణం. సభాధ్యక్షుడు ఎఫ్. జె. ఎం. స్ట్రాటన్. ఈ వాదాలను చర్చించే ముందు జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంటుందన్న భావంతో ఒక్క వాక్యం పలికి, ఆయన తరువాతి వక్తను పిలిచారు. సమాధానం చెప్పాలనుకున్న చంద్రశేఖర్‌కు అవకాశం దక్కలేదు. అధ్యక్షవాక్యంలో తప్పుపట్టదగిన మాట ఒక్కటీ కనిపించదు. అది మర్యాదగానూ, తటస్థంగానూ ఉంది. అయినా దాని ఫలితంగా చివరి మాట ఎడింగ్టన్‌దే అయింది. సమయాభావాన్ని చూపి చర్చను దాటవేసే అధ్యక్షులు తెలుగు సదస్సులకు కూడా అపరిచితులు కారు. సభ ముగిశాక పలువురు చంద్రశేఖర్ దగ్గరకు వచ్చి సానుభూతి తెలిపారు.

ఏకాంతంలో అంగీకారం, బహిరంగంలో మౌనం

చంద్రశేఖర్ కోపెన్‌హాగన్‌లోని లియాన్ రోసెన్‌ఫెల్డ్‌కు లేఖలు రాశారు. ఎడింగ్టన్ వాదంలో అర్థం లేదని నీల్స్ బోర్ సహా అక్కడివారు భావించారు. వోల్ఫ్‌గాంగ్ పౌలీ అభిప్రాయం కూడా అదే. అయినా బహిరంగంగా తీర్పు చెప్పడానికి వారు ముందుకు రాలేదు. 1935 జూలైలో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సమావేశంలో ఎడింగ్టన్ మళ్లీ ఈ సిద్ధాంతాన్ని ఖండించారు. సమాధానం చెప్పడానికి అనుమతి కోరుతూ చంద్రశేఖర్ పంపిన చీటీకి అధ్యక్షస్థానంలో ఉన్న హెన్రీ నోరిస్ రస్సెల్ ఒప్పుకోలేదు. ఎడింగ్టన్ వాదాన్ని తాము నమ్మడం లేదని ఆ రస్సెలే విడిగా ఆయనతో చెప్పారు. పెద్దల పట్ల గౌరవం పేరుతో రెండు వేదికల మీద ఒకే పద్ధతి పునరావృతమైంది.

ఇక్కడ రెండు ప్రచారాలను సవరించుకోవాలి. చంద్రశేఖర్ పరిశోధన అణచివేతకు గురైందనడం అతిశయోక్తి. ఆయన పత్రాలు ఆ సొసైటీ పత్రికలోనే 1935లో వెలువడ్డాయి. 1942లో డిరాక్, పియర్ల్స్, ప్రైస్ కలిసి ఎడింగ్టన్ ఆక్షేపణకు ముద్రణలోనే జవాబిచ్చారు. పత్రిక తలుపులు తెరిచే ఉన్నాయి, మూసుకున్నవి సభ తలుపులు. ఇక ఎడింగ్టన్ ప్రవర్తనకు వర్ణవివక్షే కారణమన్న వాదాన్ని చంద్రశేఖర్ స్వయంగా అంగీకరించలేదు. వలసపాలకుల రాజధానిలో ఒక భారతీయుడు ఒంటరిగా నిలబడిన ఆ నేపథ్యాన్ని చరిత్రకారుడు పూర్తిగా పక్కనపెట్టలేడు. అయినా చేతిలో ఉన్న సాక్ష్యం అంతదూరం తీసుకుపోదు.

1937లో ఆయన షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యర్క్స్ వేధశాలలో చేరారు. 1939లో తారల నిర్మాణంపై గ్రంథం వెలువరించి ఆ రంగం నుంచి తప్పుకున్నారు. అవమానమే అందుకు కారణమని తేల్చడం కష్టం, ఎందుకంటే ఒక రంగాన్ని గ్రంథంతో ముగించి మరొకదానికి మళ్లడం ఆయనకు జీవితాంతం అలవాటు. నోబెల్ పురస్కారం 1983లో వచ్చింది.

ప్రవర్తనా నియమావళి పరిధి

నేటి సదస్సుల నియమావళులు ప్రధానంగా వేధింపులను, వివక్షను నిరోధించేందుకు రూపొందినవి. 2019లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సు నుంచి వెలువడిన హైదరాబాద్ చార్టర్ భౌతికశాస్త్ర రంగంలో లింగసమానతను లక్ష్యంగా పెట్టుకున్నది. ఇవి అత్యవసరమైనవి. అయితే స్ట్రాటన్ వాక్యం ఏ వేధింపు నిర్వచనానికీ లొంగదు. విమర్శకు గురైన పత్రసమర్పకుడికి అదే సభలో జవాబిచ్చే హక్కు, ఆ హక్కును కాపాడే బాధ్యత అధ్యక్షుడిది అన్న నియమం ఉంటేనే అటువంటి సందర్భాన్ని ఎదుర్కోవడం సాధ్యం.

1939లో పారిస్‌లోనే శ్వేతకుబ్జ తారలపై జరిగిన మరొక సదస్సులో ఇద్దరూ మళ్లీ కలుసుకున్నారు. మనసు నొప్పించి ఉంటే విచారిస్తున్నానని ఎడింగ్టన్ అన్నారు. అభిప్రాయం మార్చుకున్నారా అని చంద్రశేఖర్ అడిగారు. లేదన్నది జవాబు. మరి విచారం దేనికి అని ప్రశ్నించి చంద్రశేఖర్ అక్కడి నుంచి వెళ్లిపోయారు. ఆ మాటకు తరువాతి కాలంలో ఆయనే నొచ్చుకున్నారు. 1944లో ఎడింగ్టన్ మరణించినప్పుడు షికాగో విశ్వవిద్యాలయంలో సంస్మరణ ప్రసంగం చేసినది చంద్రశేఖరే.